చొక్కా చేతిలో బియ్యం

“సూది ఎడమ చేతికే పెట్టించుకో. కుడి చెయ్యి పనికి కావాలి కదా!”

మొదటి కీమోకి బయల్దేరుతుంటే మా ఆయన అన్న మాట ఇది. చెడ్డ ఉద్దేశమేమీ లేదు, నా మేలు కోరే అన్నారు. నాకూ సబబుగానే తోచింది. పేగులో గడ్డ తీసి రెండు నెలలు కాలేదు, అప్పటికే వంటిల్లూ, ముందు గదిలో నా కుట్టు మిషనూ నాకోసం కాచుకుని కూర్చున్నాయి. కత్తెర పట్టేది కుడి చెయ్యి, గరిటె తిప్పేది కుడి చెయ్యి, అత్తయ్య మందుల సీసా మూత తీసేదీ అదే. అందుకని ఎడమ చేతిని నేనే ముందుకు నెట్టాను.

రెండోసారి వెళ్తే కళ్లజోడు నర్సు, “ఇవాళ కుడి చెయ్యి ఇవ్వండమ్మా, మార్చి మార్చి పెట్టుకోవాలి” అంది. “ఆ చేతిలో నరం దొరకదమ్మా, చిన్నప్పట్నుంచీ అంతే” అని అబద్ధమాడేశాను. ఎంత నమ్మకంగా చెప్పానంటే, పాపం, నా ఫైల్లో రాసేసుకుంది కూడా. మూడోసారీ నాలుగోసారీ ఆ రాతే నన్ను గట్టెక్కించింది.

గట్టెక్కించింది అనుకున్నాను గానీ, చెయ్యి ఊరుకుంటుందా? మందు ఎక్కుతుంటే మణికట్టు దగ్గర మొదలైన సలుపు భుజం దాకా పాకేది. ఇంటికొచ్చాక వారం రోజులు చల్లటిదేది ముట్టుకున్నా వేళ్లు జివ్వుమనేవి. ఉన్ని గ్లౌజు తొడుక్కుని ఫ్రిజ్ తలుపు తీసేదాన్ని. ఎడమ చంకలో గిన్నె ఇరికించుకుని కుడి చేత్తో తోముతుంటే అత్తయ్య చూసి, “నొప్పి ఎడమ చేతికేగా? పోన్లే, కుడిది బాగుంది” అని స్థిమితపడ్డారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వేశాను.

వెచ్చగా కాపడం పెట్టుకోమని నర్సు చెప్పింది. మా ఆయన పాత చొక్కా ఒకటి తీసి, ఒక చెయ్యి కత్తిరించి, అడుగు కుట్టి, బియ్యం పోసి, మూతి కుట్టేశాను. దాన్ని పెనం మీద అటూ ఇటూ తిప్పి మోచేతి మీద వేసుకుంటే ప్రాణం లేచొచ్చేది. ఏళ్ల తరబడి నాచేత ఇస్త్రీ చేయించుకున్న చొక్కా చెయ్యి, ఇన్నాళ్లకి నా పని ఒకటి చేసిపెట్టింది.

ఇంకో సంగతి చెప్తే మీరు తిడతారేమో. ఆ కీమో కుర్చీ అంటే నాకిష్టం. కిటికీ పక్కన ఉంటుంది, వెనక్కి వాలుతుంది. మా ఆయన నన్ను గుమ్మం దగ్గర దింపి ఆఫీసుకి వెళ్లిపోతారు. ఇక నాలుగు గంటలు ‘ఏమేవ్’ అని పిలిచేవాళ్లుండరు. రోడ్డు మీద జనాన్ని చూస్తూ, ఎవరి జాకెట్టు భుజం దగ్గర సరిగ్గా కుదరలేదో లెక్కపెట్టుకుంటూ, హాయిగా ఉంటాను. నా పెళ్లయ్యాక ఇంత పొడుగు తీరిక ఎరగను.

ఐదోసారి ఆయన కూడా లోపలికొచ్చి, స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నారు. జేబులోంచి కాగితం, పెన్ను తీశారు.

“ఎల్లుండి మా ఆఫీసు వాళ్లు నలుగురు భోజనానికొస్తామన్నారు. నిన్ను చూసినట్టూ ఉంటుంది, నీకూ కాస్త సందడిగా ఉంటుంది. ఏమేం చేస్తావో చెప్పు, రాసుకుంటా, సాయంత్రం సరుకులు తెస్తా.”

నా నాలుగు గంటలూ గోవిందా. నాకు నిజంగా ఒళ్లు మండింది. మండినా అలవాటు కొద్దీ నోరు “రెండు కూరలు...” అని మొదలుపెట్టేసింది.

ఇంతలో కళ్లజోడు నర్సు వచ్చి నా ఎడమ చేతిని నిమిరి చూసింది. నరం గట్టిపడి, చర్మం కింద దారంలా తగులుతోంది. ఆమె మొహం చిన్నబోయింది.

“ఈ చెయ్యి బాగా అలిసిపోయిందమ్మా. కుడి దాంట్లో ఎలాగూ దొరకదన్నారుగా... ఇందులోనే వేలి దగ్గర సన్నది ఒకటుంది, ప్రయత్నిస్తాను. కానీ చాలా నొప్పెడుతుంది, ఓర్చుకోవాలి.”

ఓర్చుకోవాలి! ఆ మాట నాకు కొత్తేం కాదు. కానీ ఆ అలిసిపోయిన చేతిని చూస్తే జాలేసింది. ఎవరో పరాయివాళ్ల పిల్లని పనిలో పెట్టుకున్నట్టు నాలుగు నెలలు దాన్ని నేనే వాడుకున్నాను. నేనే. ఆయన మొదటిరోజు ఒక్కసారి అన్నారంతే, తర్వాతంతా నా నిర్వాకమే.

కుడి చేతి గాజులు పైకి తోసి, చెయ్యి చాపాను. ఎన్నో ఏళ్లుగా కత్తెర పట్టిన చెయ్యి, నరాలు ఎంచక్కా పైకి తేలి ఉన్నాయి.

“దొరుకుతుంది. అప్పుడు అబద్ధం చెప్పాను” అన్నాను.

నర్సు కళ్లజోడు సర్దుకుని ఒకసారి నన్నూ, ఒకసారి కాగితం పట్టుకున్న ఆయన్నీ చూసింది. దూదితో నా కుడి చెయ్యి తుడిచింది.

“అదేంటి, కుడి చేతికా?” ఆయన కంగారుగా లేచారు. “మరి ఎల్లుండి వంట?”

సంచిలోంచి బియ్యం మూట తీసి, ఎడమ చేతి మీద వేసుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలాను.

“మీ చేతులు రెండూ బాగానే ఉన్నాయి కదండీ” అన్నాను. “రాసుకోండి, ఎలా చెయ్యాలో చెప్తాను.”