షాజాదీ బేగం పీట

బిట్రగుంట రైల్వే కాలనీలో తెల్లారిందంటే షాజాదీ బేగం పీట చంకన పెట్టుకుని ముందు నడిచేది, కూతురు కౌసర్ బంతుల సంచి మోసుకుంటూ వెనక నడిచేది. పాత క్లబ్బు వెనక పచ్చిక ఉంది. తల్లి పోయి ఆ కొసన, తెల్లటి చిన్న బంతికి వెనగ్గా పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుచుకునేది. కూతురు ఈ కొస నుంచి పెద్ద బంతిని దొర్లించేది. చిన్న బంతికి ఎవరి బంతి దగ్గరగా ఆగితే వాళ్లదే గెలుపు. లాన్ బౌల్స్ అంటే ఇంతే. ఈ మాత్రం ఆటకు తెల్లబట్టలు కూడానా అని ఊళ్లో వాళ్ల ఎకసెక్కం.

ఆ పెద్ద బంతికి ఒక పక్క బరువెక్కువ, ఆ పక్కకే వంగుతూ పోతుంది. కౌసర్ వేసిన బంతి మాత్రం చివరికొచ్చేసరికి బరువు సంగతి మరిచిపోయి తల్లి ఉన్న వైపు తిరిగేది. చిన్నప్పుడు గోళీలూ అంతే, సంతలో చేజారిన నిమ్మకాయా అంతే. తల్లిచాటు బిడ్డ కదా, బంతి కూడా అట్లాగే ఉంటుందని ఊరు సరిపెట్టుకుంది. తల్లి ఎక్కడ కూర్చోవాలో రూల్సులో లేదు గనక అంపైర్లూ ఏమీ అనలేదు. ఆట ఈ కొస నుంచి ఆ కొసకు మారినప్పుడల్లా షాజాదీ బేగం పీట ఎత్తుకుని పచ్చిక చుట్టూ నడిచొచ్చేది. అట్లా నడిచి నడిచే కూతుర్ని రాష్ట్రానికి ఛాంపియన్ని చేసింది.

తీరా దేశం టీముకు ఎంపిక జరిగే ఏడు, ఆమె పక్షవాతంతో మంచాన పడింది.

"నేను పోనమ్మా. నువ్వు లేకుండా నేనేం ఆడేది?"

"పో మే," అంది తల్లి ముద్దముద్దగా. "నువ్వు బంతి ఏసినప్పుడల్లా నాకీడ పక్కలోకి ఏదో వచ్చి ఆనుకున్నట్టుంటాది. నాకు తెలస్తానే ఉంటాదిలే."

పక్కింటి రెబెక్కమ్మ తాను చూసుకుంటానంది. కౌసర్ ఏడుస్తూనే రైలెక్కింది.

ఢిల్లీలో బంతులన్నీ దక్షిణానికి లాగాయి. కోచ్ పెంచలప్రసాద్ కిటుకు కనిపెట్టాడు. "మీ అమ్మ ఉండేది అటు కదమ్మా, ఉత్తరానికి జరిపి ఏస్తా ఉండు. అదే వంగి వస్తాది." అట్లా వేస్తూ వేస్తూ కౌసర్ ఫైనల్‌దాకా వచ్చింది. ఇదొక్కటి గెలిస్తే దేశం టీములో చోటు.

స్కోర్లు సమానంగా ఉన్నాయి. మిగిలింది ఆమె చేతిలోని ఆఖరి బంతి. ఉత్తరానికి జరిపి వదిలింది. బంతి సగం దూరం పోయి, మెల్లగా ఆగింది. దక్షిణానికి తిరగలేదు. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వచ్చి కౌసర్ పాదాన్ని ఆనుకుని నిలబడింది.

అంపైర్ ఎదుటి పిల్లకు పాయింటు రాసేశాడు.

"బరువు పక్క మార్చి పట్టుకున్నావా మే?" అని కోచ్ పరుగెత్తుకొచ్చాడు. ఎంత ఛాంపియన్‌కైనా ఆ పొరపాటు ఒకసారి తప్పదు. పట్టుకోవడం సరిగ్గానే పట్టుకుంది. కౌసర్ వంగి బంతిని ఒళ్లోకి తీసుకుని గడ్డిలో కూలబడింది. కోచ్ జేబులో ఫోన్ మోగింది ఆ తర్వాతే.

కౌసర్ వచ్చేదాకా ఊళ్లో ఆపలేకపోయారు. ఖననం అయిపోయింది.

"పొద్దన్నించీ నవ్వతానే ఉండిందమ్మా," అంది రెబెక్కమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "ఇదో వచ్చె, ఇదో వచ్చె అనింది. కడాకు, ఎంతసేపూ అదే రావాల్నా, ఈసారి నేనే పోతా దాని కాడికి అని కళ్లు మూసింది."

నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక కౌసర్ పీటా సంచీ రెండూ తానే మోసుకుని పచ్చిక దగ్గరికి పోయింది. పీటను ఆ కొసన, చిన్న బంతి వెనక వేసి వచ్చింది. ఒక బంతి వేసింది. తిరిగొచ్చింది. ఇంకొకటి వేసింది. అదీ తిరిగొచ్చి పాదం పక్కన ఆగింది. సంచిలోవన్నీ అంతే. గట్టు మీద నిలబడ్డ పెంచలప్రసాద్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కౌసర్‌కు ఆడాలనే ఉంది. ఆ తెల్లబట్టలు తప్ప వేరే బతుకు ఆమె ఎరగదు.

"అమ్మా," అంది బతిమాలుతూ, "ఒక్కసారి అవతలికి పోయి నీ పీట మీద కూర్చోమ్మా."

మళ్లీ బంతి వేసింది.