చివరి పలక

"బాల్‌రాజ్! ఓ బాల్‌రాజ్! పట్నపోళ్లొచ్చిన్రు, చాయ్ పొయ్యి," అని టాంగా జంగప్ప ప్లాట్‌ఫారం ఆ కొస నుంచే కేకేశాడు.

తాండూరు చూడవచ్చిన వాళ్లకు జంగప్ప మూడే చూపిస్తాడు. భద్రేశ్వరుని గుడి, పలకలు పలకలుగా లేచే బండల గని, ఆఖరుకు స్టేషన్ అరుగు. ఊరు విడిచి పోయేవాళ్లు రైలెక్కే ముందు ఆ అరుగు మీద జరసేపు కూర్చుంటారు. వాళ్ల మనసు ఊరి మీద ఉన్నన్ని రోజులు, కూర్చున్న పలక వెచ్చగా ఉంటుంది. షోలాపూర్ పోయిన ఎంకయ్య పలక ముసురులో కూడా కాలుతుంటుంది. వాళ్లమ్మ దాని మీద వడియాలు ఎండబెట్టుకుంటుంది.

శాంతవ్వ గనిలో పలకలు మోస్తుంది. రోజూ పొద్దున్నే పనికి పోతూ అరుగు మీది చివరి పలకకు అరచేయి ఆనిస్తుంది. అది బీరప్పది. నిన్నే చేసుకుంటానని మాటిచ్చి, 1956లో బొంబాయి మిల్లుకు పోయాడు. ఐదేండ్లయినా ఒక్క ఉత్తరం లేదు. పలక మాత్రం వెచ్చగానే ఉంది. ఆమె కండ్లు మూసుకొని నిలబడ్డంతసేపు, చాయ్ బండి దగ్గర బాల్‌రాజ్ గ్లాసులు కడిగినవే మళ్లీ కడుగుతుంటాడు.

ఆ పొద్దు ఆమె చేయి తీయకుండానే అంది, "దౌల్తాబాద్ సంబంధపోళ్లు ఇయ్యాల మాట చెప్పమన్నరు. గీ పలక గిట్ల వెచ్చగుంటే నేనెట్ల ఒప్పుకోవాలె? వద్దంటున్న. ఎన్నేండ్లయినా ఈడనే సూస్తుంట."

బాల్‌రాజ్ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

పట్నం నుంచి వచ్చినవాళ్లలో ఒకామె చెప్పులు విడిచి, పలకలన్నీ ముట్టి చూసుకుంటూ అక్కడిదాకా వచ్చింది. "ఇదేంటి, అంచులన్నీ చల్లగున్నాయి? నడుమ మాత్రమే కాలుతోంది. గుండ్రంగా మరక కూడా ఉంది."

"బొంబాయి తిండికి బీరప్ప గుండ్రంగైనట్టుండు," అన్నాడు జంగప్ప.

శాంతవ్వ నవ్వలేదు. ఆ మరక చుట్టూ వేలు తిప్పింది. తల ఎత్తి బాల్‌రాజ్ కెటిల్ వైపు చూసింది. అతను దాన్ని వెనక్కి దాచబోయాడు. ఆమె నేరుగా బండి దగ్గరికి నడిచింది. అక్కడ నేలలో పరిచిన, రోజూ అతను నిలబడే పలక మీద వట్టి పాదం మోపగానే ఉలిక్కిపడింది. నిప్పుల మీద పెట్టినట్టుంది.

"నువ్వు యాడికీ పోలే గద, బాల్‌రాజ్?"

"పోలే."

"మరి గిదేంది?"

అతను తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. ఆరిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు.

"బీరప్ప పలక సల్లారి మూడేండ్లాయె, శాంతవ్వా. నువ్వొచ్చే యాల్లకు రోజూ నేనే దాని మీద కాగిన కెటిల్ పెడుతున్న."

పాదం కాలుతున్నా ఆమె తీయలేదు. రెండో పాదం కూడా పక్కనే పెట్టింది.

"ఎందుకు?"

అవతల రైలు కూత పెట్టింది. కూత ఆగాక బాల్‌రాజ్ ఆమె ముఖంలోకి చూశాడు.

"అది సల్లగుందని తెలిస్తే, నువ్వు మల్ల ఇటు రావు గద."