లేని వేళ్లకి చప్పట్లు

మంగరాజు ఎడమచేతికి మిగిలినవి బొటనవేలూ చూపుడువేలూ. తక్కిన మూడూ రోలుగుంట దగ్గర బెల్లం గానుగలో చెరుకుతో పాటే పోయాయి. ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవాడికి గానుగతో ఏం పని అని అడిగినవాళ్లు లేకపోలేదు. ప్రోగ్రాములు లేని రోజుల్లో తీగలు నమిలితే కడుపు నిండదని వాళ్లకెవరు చెబుతారు?

వయొలిన్ అటకెక్కింది. అదే ఆర్కెస్ట్రాలో పాడే భార్య శ్రీదుర్గ గొంతు మీదే ఆ తర్వాత ఇల్లు గడిచింది. ఆమె మేనత్త కూతురే, ఊహ తెలిసినప్పటినుంచీ అతన్ని బావా అనే పిలుస్తుంది. పెళ్లికాక ముందు నుంచీ ఆమె పాట ఎత్తుకుంటే వెనక అతని వయొలిన్ ఉండేది. ఇప్పుడామె స్టేజీ మీద పాడుతుంటే మంగరాజు వ్యాన్ దగ్గర కూర్చుని వైర్లు చుట్టేవాడు. ఎవరో కుర్రాడి కీబోర్డు ఆమె వెనక మోగుతుంటే స్టేజీకేసి చూడలేక తల తిప్పుకునేవాడు. మళ్లీ ఆమె పాట వెనక వాయించాలి. లోకంలో అతనికి కావలసింది అదొక్కటే.

ఆ రోజుల్లోనే ఆర్కెస్ట్రా యజమాని జగదీశ్వరరావు విశాఖలో మూతపడ్డ ఏదో హోటలు సామాన్లలో ఒక పెడల్ స్టీల్ గిటార్ కొనుక్కొచ్చాడు. గిటార్ అన్నమాటే గానీ ఒళ్లో పెట్టుకునేది కాదు. నాలుగు కాళ్ల బల్ల మీద తీగలు బిగించినట్టుంటుంది. తీగల్ని వేళ్లతో నొక్కే పని లేదు. ఎడమచేత్తో ఇనపకడ్డీ పట్టుకుని వాటిమీద జరుపుతూ కుడిచేత్తో మీటాలి. కింద పెడళ్లు తొక్కితే స్వరం సాగుతుంది.

"దీనికి రెండు వేళ్లు సాలవేటి రాజూ?" అన్నాడు జగదీశ్వరరావు.

మంగరాజు ఆ మాట పట్టుకున్నాడు. కడ్డీ జారకుండా సైకిలు ట్యూబు ముక్కతో అరచేతికి కట్టుకున్నాడు. ఫోన్లో తెల్లవాళ్ల వీడియోలు చూస్తూ ఏడాదిగా అదే పని. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా! పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నా మానలేదు. ఆ వాద్యం మహా పొగరుబోతుది. కడ్డీ వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఏడుపు లంకించుకుంటుంది. బల్ల మీద గీతలున్నాయి గానీ, అవి దారి చూపిస్తాయంతే, చెయ్యి పట్టి నడిపించవు.

పెదబొడ్డేపల్లిలో అమ్మవారి పండగకి జగదీశ్వరరావు ప్రోగ్రాం ఒప్పుకున్నాడు. 'మూడు వేళ్లు లేకున్నా ముచ్చటగా వాయించే మంగరాజు' అని ఫ్లెక్సీ కట్టించాడు. ఫొటోలో మొహం కన్నా చెయ్యే పెద్దది. మంగరాజు చూసి తలొంచుకున్నాడు. వాయించడం మొదలుపెడితే చెయ్యి సంగతి జనం వాళ్లే మర్చిపోతారనుకున్నాడు పిచ్చివాడు.

దీపాల వేళకి జనం నిండారు. కొత్త వాద్యం, మొదటి ప్రోగ్రాం, దిష్టి తగలకూడదు కదా! జగదీశ్వరరావు గిటార్‌కి పసుపు పూసి, కుంకం పెట్టి, కొత్త బండికి టైర్ల కింద పెట్టినట్టు ఒక్కో పెడల్ కింద ఒక్కో నిమ్మకాయ పెట్టించాడు. "తొక్కు రాజూ, బేగి తొక్కు!" అన్నాడు. మంగరాజు భక్తిగా తొక్కాడు. కాయలు చితికాయి. డప్పులు మోగాయి.

వేరేవాళ్లు పాడిన రెండు పాటలు గడిచాయి. వెనక మెల్లగా తీగలు మీటుతూ, పక్కనున్న చిన్న స్పీకరు పెట్టెలో తన చప్పుడు తానే వింటూ మంగరాజు నిలదొక్కుకున్నాడు. మూడోది శ్రీదుర్గ ఒక్కతే పాడే జోలపాట. ఆమె నోరు విప్పగానే అతని ఒళ్లు పులకరించింది. ఎన్నాళ్లకి! కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

చరణం మధ్యలో తొక్కిన పెడల్ పైకి రాలేదు. తొక్కలూ గింజలూ సందులో ఇరుక్కున్నాయి. స్వరం దిగమంటే దిగదు. పెట్టెలోంచి కుక్క ఏడ్చినట్టు ఒక రాగం లేచింది. మంగరాజుకి చెమటలు పట్టాయి. ఇప్పుడు జనం ఈలలు వేస్తారు, శ్రీదుర్గ పాట పాడైపోతుంది అని బిక్కచచ్చిపోయి తలెత్తాడు.

ఎవరూ చూడటం లేదు. ముందువరసలో ఆడవాళ్లు తన్మయంగా తలలూపుతున్నారు. అతను గట్టిగా మరో అపస్వరం మీటాడు. ఒక్కరి మొహమూ చిట్లలేదు. కడ్డీ తీగల మీదనుంచి పూర్తిగా ఎత్తేశాడు. పాట ఏమీ తగ్గలేదు. కీబోర్డు మోగుతూనే ఉంది, ఆమె పాడుతూనే ఉంది.

అప్పుడు చూశాడు. శ్రీదుర్గ పాడుతూనే, కింద సౌండు మిక్సర్ దగ్గరున్న ఆపరేటరు వాసుకేసి చూసి కొద్దిగా తలూపింది. వాసు, కట్టేసే ఉంచానన్నట్టు చెయ్యి ఆడించాడు.

తన చప్పుడు బయట స్పీకర్లలోకి వెళ్లడం లేదు. అయినా మంగరాజు లేచిపోలేదు. కడ్డీని మళ్లీ తీగల మీదికి దించి, పాట అయ్యేదాకా అటూ ఇటూ జరిపాడు. పెడల్ ఇరుక్కోవడం చూసి తన పరువు కాపాడింది, ఎంత తెలివైనది అనుకుని ఆమెకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

పాట ముగియగానే చప్పట్లు కురిశాయి. జగదీశ్వరరావు మైకు అందుకుని, "మూడు వేళ్లు పోయినా ముక్కలైపోలేదండీ మన మంగరాజు! సెయ్యెత్తి సూపించు రాజూ!" అన్నాడు. మంగరాజు చెయ్యెత్తాడు. జనం ఇంకా గట్టిగా కొట్టారు. ఎవరో ముసలమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. జాలి అంత చవకగా దొరికే చోట సంగీతం ఎవరిక్కావాలి? శాలువా కప్పారు.

స్టేజీ వెనక శ్రీదుర్గ మంచినీళ్ల సీసా అందించింది. అతను సిగ్గుపడుతూ నవ్వాడు.

"పెడలు ఇరుక్కుపోనాది దుర్గా. నిమ్మకాయలు. నువ్వు సూసీసి కట్టించీసినావు గాబట్టి సరిపోనాది. నేపోతే నవ్వులపాలయిపోదుం."

ఆమె అతని శాలువా అంచు సర్దింది.

"వొచ్చే పోగ్రాముకి నిమ్మకాయలు వొద్దని సెప్పీసుకుందాం. బాగానే వాయించినాను కదా, ముందు రెండు పాటలూ?"

ఆడలేక మద్దెల ఓడన్నదాని మాటలా తన గొంతు తనకే వినిపించింది. శ్రీదుర్గ చీరకొంగుతో అతని మొహం మీద చెమట తుడిచింది.

"బావా, కోప్పడకు. నాను పెడలు సూడనేదు. వాసుకి మద్దేన్నమే సెప్పినాను, మొదటి పాట కాణ్నుంచీ కట్టీసి ఉంచమని."

"మొదటి పాట కాణ్నుంచా?"

"ఈ పని పోయి నువ్వు మళ్లీ ఆ గానుగ కాడికెళ్తే నాను బతకనేను. రెండో సెయ్యి కూడా పోతాదని రేత్రిళ్లు కలలొస్తన్నాయి. ఇక్కడుంటే నీడపట్టునుంటావు."

"బాగా వాయించీవోడినేమో! ఒక్క పాటైనా విననిస్తే..."

"ఏడాది బట్టి ఇంటికాడ రోజూ వింతన్నాను బావా," అంది ఆమె ఏడుస్తూ.

మైకులో జగదీశ్వరరావు అతని పేరు పిలుస్తున్నాడు, ఫొటోలు దిగాలట. మంగరాజు శాలువా సరిచేసుకున్నాడు. ఆమె తలమీద రెండు వేళ్ల చెయ్యి ఒకసారి వేసి, స్టేజీ మెట్లెక్కి వెళ్లి గిటార్ ముందు కూర్చున్నాడు.