పరుపుల కోసమని కొన్న ట్రైలర్

మొదట్లో మూత చేతిలో ఉన్నవి ఇవీ: ఒక పికప్ బండి, అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డు, తిరిగి అమ్మడానికి ఎత్తేసిన వర్క్‌షాపుల నుంచి కొనుక్కొచ్చిన పాత మిషన్లు కొన్ని, బండి తోలడానికి భార్య తమ్ముడు. ఆస్తి కింద రాసుకోదగ్గది ఇంకొకటి ఉంది. అది తన అవసరం ఎదుటివాడికి తెలియనివ్వని నోరు. డబ్బా మీద మూత బిగించినట్టు నోరు బిగించుకుని బేరమాడతాడని బజారులో అందరూ ఆయన్ని మూత అనే పిలిచేవాళ్లు. డ్రిల్లింగ్ మిషన్ కావాల్సి వస్తే పోయి గ్రైండర్ ధర అడిగేవాడు. అమ్మేవాడు విసిగిపోయి "ఇంతకీ మీకేం కావాలండీ?" అంటే "ఏమీ వద్దు, ఊరికే చూసిపోదామని" అనేవాడు. అలా ఊరికే చూసిపోయే మనిషికే చివరికి సరుకు చవగ్గా దొరికేది.

లోటు ఒక్కటే. పడుచు వయసులో ఇనుప రజను పడి ఎడమ కన్ను మసకబారింది. లైసెన్సు రాలేదు. బావమరిది లేకపోతే బండి కదలదు, బండి కదలకపోతే వ్యాపారం లేదు. సరిగ్గా అదే బావమరిదికి బస్సు కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. వచ్చే వారం చేరాలి.

"నాకూ నీ దగ్గర ఉండాలనే ఉంది బావా," అన్నాడతను ఆ ఉదయం ట్రైలర్ల యార్డుకు పోతూ. "కానీ పికప్ తొట్టిలో మిషన్లు నిలబెట్టి, తాళ్లు కట్టి, దేవుడా అనుకుంటూ తోలడం ఇక నావల్ల కాదు. మంచి ట్రైలర్ కొను, ఉంటాను. బేరం కలిసొచ్చిందని ఏదో ఒకటి తగిలించావనుకో, సోమవారం నుంచి బస్సు తోలుకుంటా."

"నీకంటే నాకెక్కువ భయంరా. నీకేమన్నా అయితే మీ అక్క నన్ను ఇంట్లోకి రానిస్తుందా?" అన్నాడు మూత. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. లోపల నువ్వు నోరెత్తకు."

యార్డు యజమాని వయసు మళ్లిన మనిషి. కుర్చీలోంచి లేవకుండానే ముందు పికప్‌ను చూశాడు, తర్వాత మనుషుల్ని చూశాడు.

"ఏం వేస్తారు బాబూ ట్రైలర్‌లో?"

బావమరిది నోరు తెరవబోయాడు. మూత అతని కాలు తొక్కాడు. ఇనుప మిషన్లని చెబితే ఈయన గట్టి సరుకు చూపిస్తాడు, గట్టి ధర చెబుతాడు. పైగా ఆ సాయంత్రంలోపు ఇనుము చెక్కే లేత్ మిషన్ ఒకదాన్ని కొండ అవతలి వర్క్‌షాపుకు చేర్చాలని తెలిస్తే ఇక చెప్పనక్కర్లేదు, మెడ మీద కత్తి పెట్టినట్టే.

"పరుపులు," అన్నాడు మూత. "పరుపులు, దిళ్లు."

బావమరిది ఆకాశం వైపు చూశాడు.

"అయితే మీకు పెట్టె ట్రైలర్ కావాలి. వానొచ్చినా తడవదు." పెద్దాయన లేచి దారి చూపించాడు. తెల్లటి రేకు గోడలు, నిలువెత్తు పైకప్పు, వెనక రెండు తలుపులు, కింద ఒకటే ఇరుసు, అటొకటి ఇటొకటి చక్రాలు. దాని పక్కనే గోడలేమీ లేకుండా నేలకు దగ్గరగా ఒక బల్ల ట్రైలర్ ఉంది. దానికి రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు.

"బావా, అది..." అన్నాడు బావమరిది మెల్లగా.

"అది ఇనుము, రాయి మోసేవాళ్లకు బాబూ," అన్నాడు పెద్దాయన. "పరుపులకు దండగ."

ఆ మాటతో బల్ల ట్రైలర్ ధర అడగడానికి కూడా మూతకు దారి లేకుండా పోయింది. అడిగితే పరుపుల కథ పగిలిపోతుంది.

"ఈ పెట్టె మా బండికి సరిపోతుందా?"

పెద్దాయన పికప్ వెనక్కి వెళ్లి వంగి చూశాడు. బండికి ఉక్కు బంతి ఉంది. ట్రైలర్ మూతి దాని మీద కూర్చోవాలి. కూర్చోబెట్టి, గొళ్లెం దించి, రెండు చేతులతో ఊపి చూశాడు. "సరిపోతుంది."

అంతే. మూత బేరం మొదలుపెట్టాడు. పరుపుల వ్యాపారంలో ఏం మిగులుతుందండీ అని ఏడ్చాడు, ఫోమ్ ధర పెరిగిందని వాపోయాడు, పెద్దాయన చెప్పిన ధరను తగ్గించగలిగినంతా తగ్గించాడు. బయటికి వచ్చాక బావమరిది భుజం తట్టాడు. "చూశావా?"

"చూశాను," అన్నాడతను. బండి స్టార్ట్ చేశాడు.

షెడ్డులో లేత్ మిషన్ సిద్ధంగా ఉంది. పన్నెండు వందల కిలోలు. బరువంతా మోటారు, గేర్లు ఉన్న తలవైపే, తోకవైపు తేలిక. అద్దెకు తెచ్చిన ఫోర్క్‌లిఫ్టు దాన్ని తోకవైపు నుంచి పెట్టెలోకి దూర్చింది. ఫోర్క్‌లిఫ్టు లోపలికి పోదు కదా, తలుపు దగ్గరే ఆగింది. ఇద్దరూ కింద పైపులు వేసి గడ్డపారతో నెట్టారు. చెక్క నేల నొక్కుకుపోయి పైపులు దిగబడ్డాయి. మిషన్ తల తలుపులకు జానెడు లోపల ఆగిపోయి ఇక కదలనంది.

"ఇంకా ముందుకు పోవాలి బావా. బరువంతా వెనకే ఉంది."

"నాలుగింటిలోపు చేరాలిరా. ఆ వర్క్‌షాపావిడ అయిదుకు షట్టర్ దించేస్తుంది. రేపంటే ఇంకొకడి దగ్గర కొనుక్కుంటానని ముఖం మీదే చెప్పింది." మూత పికప్ వైపు చూసి నవ్వాడు. "అయినా చూడు, బండి మీద బరువే పడలేదు. వెనక భాగం కిందికి దిగాల్సింది పోయి పైకి లేచింది!"

"అదే నా భయం."

"టైర్లు అరగవులే, పద."

ఊరు దాటేదాకా బాగానే ఉంది. కొండ ఎక్కేటప్పుడు ఇంజను మూలిగింది కానీ ఎక్కింది. పైకి చేరాక రోడ్డు వాలుగా దిగడం మొదలైంది. ఎడమవైపు ఇనుప కంచె, దాని అవతల లోయ.

మొదట ఎవరో వెనక నుంచి బండి తోకపట్టి మెల్లగా అటూ ఇటూ లాగినట్టనిపించింది. మూత అద్దంలోకి చూశాడు. తెల్ల పెట్టె కుడివైపుకు కనిపించి, మాయమై, ఎడమవైపుకు తేలింది.

"ఏంట్రా అది?"

అదే సమయానికి ఒక లారీ పక్కనుంచి దూసుకుపోయింది. దాని గాలి ఆ నిలువెత్తు రేకు గోడను బాదింది. ఊగడం పెద్దదైంది. వెనక పెట్టె కుడికి లాగితే బండి ముక్కు ఎడమకు తిరిగింది. ఎడమకు లాగితే కుడికి. ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ. కంచె దగ్గరికొచ్చి దూరమైంది, మళ్లీ దగ్గరికొచ్చింది.

"బ్రేకు! బ్రేకు వెయ్యరా!"

"వేస్తే అది మనల్ని తిప్పేస్తుంది!"

"వెయ్యమంటుంటే!"

"నోర్ముయ్ బావా!"

జీవితంలో మూతను నోరు మూసుకోమన్న మొదటి మనిషి అతనే. మూసుకున్నాడు. బావమరిది యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు, బ్రేకు మీద మాత్రం పెట్టలేదు. స్టీరింగును రెండు చేతులతో నిటారుగా పట్టుకున్నాడు. ఊగే పెట్టెను సరిదిద్దాలని అటూ ఇటూ తిప్పలేదు. మణికట్ల దగ్గర నరాలు తాళ్లలా లేచాయి. గేరు ఒకటి దించాడు. ఇంజను అరిచింది. పెట్టె ఇంకొకసారి విసురుగా కొట్టింది, తర్వాత కాస్త తక్కువగా, ఆ తర్వాత ఇంకా తక్కువగా. వాలు కాస్త సర్దుకున్న చోట, లారీలు ఆగే ఖాళీ జాగాలోకి బండిని పారనిచ్చాడు.

బండి ఆగాక బావమరిది దిగాడు. వెనక్కి పోయి చూసి వచ్చాడు. ఉక్కు బంతి మీద ట్రైలర్ మూతి పైకి ఎగిరెగిరి, గొళ్లెం వంగిపోయి ఉంది. అతను మూత కూర్చున్న వైపు తలుపు తీసి, తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టాడు.

"నువ్వే తోలుకో."

"ఒరే, నాకెలా వస్తుందిరా!"

"రాదని తెలుసు. నాకొచ్చు. అందుకే ఇక తోలను. అక్కకు నేనొక్కణ్నే తమ్ముణ్ని బావా. పరుపుల బేరానికి నన్ను కూడా కలిపి అమ్మేద్దామనుకున్నావా?"

మూత చేతిలో తాళంచెవి ఇంకా వెచ్చగా ఉంది. ఫోన్ తీసి పెద్దాయనకు చేశాడు. కోపమంతా అటు మళ్లించాడు.

"సరిపోతుందన్నారు కదండీ! ఇక్కడ ప్రాణాలు పోయేవి!"

"పరుపులకా?" అన్నాడు పెద్దాయన. "రాతి పరుపులా బాబూ?"

మూత ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"బండికి సరిపోతుందా అని మీరడిగారు. బంతి చూశాను, మూతి చూశాను, సరిపోయింది. పెట్టెలో ఏముందో చెప్పాల్సింది మీరు."

కొండ గాలికి రేకు పెట్టె కిర్రుమంది. బావమరిది రోడ్డు అంచున వీపు తిప్పి నిలబడ్డాడు. అతను చెయ్యెత్తితే ఏ బస్సయినా ఆపుతుంది. మూతకు తెలుసు, నిజం చెప్పిన మరుక్షణం పెద్దాయన ఎంతడిగితే అంత ఇవ్వాలి. కొండ మీద ఇరుక్కున్న మనిషికి బేరం ఎక్కడిది? అయినా ఫోన్ స్పీకర్లో పెట్టి, బావమరిదికి కూడా వినబడేంత గట్టిగా చెప్పాడు.

"పరుపులు లేవండీ. అబద్ధం చెప్పాను. లేత్ మిషన్. పన్నెండు వందల కిలోలు. తలవైపు బరువంతా తలుపుల దగ్గరే ఉంది. కొండ దిగాలి. తోలేది మా బావమరిది. నాకు ఒక కన్ను సరిగ్గా కనబడదు, తోలలేను. మాకేం కావాలో మీరే చెప్పండి."

పెద్దాయన గొంతు మారింది. "పికప్ తలుపు తీసి చూడండి, అంచున చీటీ ఉంటుంది. బండి ఎంత లాగగలదో చదవండి."

బావమరిది తానే వచ్చి వంగి చదివాడు. పెద్దాయన లెక్క వేసి చెప్పాడు: మిషన్ బరువొక్కటే కాదు, ట్రైలర్ సొంత బరువు కూడా అందులోకే వస్తుంది, రెండూ కలిపినా బండి లాగగలదు. కానీ ఎత్తు పెట్టె కాదు, కిందికున్న బల్ల కావాలి. ఒకటి కాదు, రెండు ఇరుసులు. బండి నెమ్మదిస్తే ట్రైలర్ ముందుకు తోసుకొచ్చి తన బ్రేకు తనే పట్టుకునే రకం. బరువులో ఎక్కువ భాగం ఇరుసులకు ముందుండాలి, బండి వెనక భాగం కొద్దిగా దిగాలి.

"లేచిందండీ," అన్నాడు మూత.

"లేచినా ప్రాణాలతో ఉన్నారంటే మీ అదృష్టం. నేనొస్తున్నాను. ఎవరూ కదలకండి."

వర్క్‌షాపు ఆవిడకు కూడా మూత ఫోన్ చేశాడు. దారిలో ట్రాఫిక్ ఉందని చెబితే ఇంకో గంట ఆగుతుందేమో. ఆ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. "తప్పు ట్రైలర్ కొన్నానమ్మా. ఇవాళ రాలేను," అన్నాడు. ఆవిడ సరేనని పెట్టేసింది.

పెద్దాయన బల్ల ట్రైలర్‌ను తన జీపుకు తగిలించుకుని వచ్చాడు. పెట్టె వెనక తలుపులకు బల్ల తోకను ఆనించి, మధ్యలో మందపాటి పలకలు పరిచి, పెట్టె వెనక భాగం కింద జాకీలు బిగించాడు. జీపును విప్పి ఇటు తిప్పుకుని, దాని ముందు మోటారుతో చుట్టుకునే ఉక్కు తాడును బల్ల మీదుగా తెచ్చి మిషన్‌కు కట్టాడు. తాడు బిగిసింది. మిషన్ తల చెక్కలోంచి లేచి పలక మీదికి వచ్చినప్పుడు పలక విల్లులా వంగింది. బావమరిది ఒకవైపు, మూత ఒకవైపు గడ్డపారలతో పట్టుకున్నారు. జారితే ఇద్దరిలో ఒకరి కాళ్లు పోతాయి.

"నీ వైపు వదలకు బావా."

"వదలను. నువ్వు చెప్పినప్పుడే వదులుతా."

"ఇప్పుడు. మెల్లగా."

బరువైన తలే ముందుగా దాటింది కాబట్టి, బల్ల మీద లాక్కుంటూ పోతే ఇరుసులు దాటి ముందువైపు నిలిచింది. గొలుసులు నాలుగు మూలలా బిగించారు. పెట్టెను విప్పేసి బల్లను పికప్‌కు తగిలించగానే బండి వెనక భాగం నాలుగు వేళ్లు కిందికి దిగింది. బావమరిది మోకాళ్ల మీద కూర్చుని బంతిని, గొళ్లేన్ని, గొలుసుల్ని ఒక్కొక్కటే లాగి చూశాడు.

మూత పెద్దాయన పక్కకు వచ్చాడు. "ఎంతివ్వమంటారు?"

పెద్దాయన ధర చెప్పాడు. పెట్టెను వెనక్కి తీసుకుంటానన్నాడు, కానీ నొక్కుకుపోయిన నేలకూ వంగిన గొళ్లేనికీ తగ్గించుకుంటానన్నాడు. మూత నోట్లో అలవాటైన మాటలన్నీ వరసగా లేచి నిలబడ్డాయి. బావమరిది అక్కడే ఉండి వింటున్నాడు.

"సరే," అన్నాడు మూత.

"ఏంటీ?" అన్నాడు బావమరిది.

"సరే అన్నాన్రా, చెవుడా?" మూత తాళంచెవి చాపాడు. "ఇదిగో. తోలతావో లేదో నీ ఇష్టం. తోలకపోతే ఇక్కడే పడుకుంటా, మీ అక్కకు నువ్వే చెప్పుకో."

బావమరిది తాళంచెవి వైపు చూశాడు, తీసుకోలేదు. "ఇక ట్రైలర్‌లో ఏది ఎక్కించాలన్నా, ఎలా పెట్టాలన్నా నేను చెప్పాలి."

"నువ్వే చెప్పు."

"కొనేటప్పుడు కూడా."

ఈ షరతు కష్టంగానే మింగుడుపడింది. "కొనేటప్పుడు కూడా," అన్నాడు మూత.

అప్పుడు తీసుకున్నాడు. కొండ దిగుతుంటే మూత అద్దంలోకి చూస్తూనే ఉన్నాడు. లారీలు పక్కనుంచి పోయాయి, గాలికి అడ్డు రావడానికి పైన గోడే లేదు. బండి నెమ్మదించినప్పుడల్లా వెనక చక్రాలు చిన్నగా గుర్రుమని తమను తామే పట్టుకున్నాయి. కింద బల్లపరుపు నేల వచ్చాకే మూత అద్దం మీంచి చూపు తిప్పాడు.

రాలేనని చెప్పినా ఆశ చావక వెళ్లి చూస్తే వర్క్‌షాపు షట్టర్ మూసేసి ఉంది. మర్నాడు ఆవిడ ఇంకొకరి దగ్గర లేత్ కొనుక్కుంది. వీళ్ల మిషన్ వచ్చిన దారినే షెడ్డుకు తిరిగొచ్చి చాలాకాలం అక్కడే ఉంది.

ఆ వారాంతానికి మూత వేసుకున్న లెక్క ఇది. పోయింది: ఒక అమ్మకం, పెట్టె ట్రైలర్ మీద తరుగు, బజారులో ఇన్నేళ్లుగా సంపాదించిన పేరు. పెద్దాయన ఆ కథను యార్డుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు మరి. వచ్చింది: బండికీ మోసే బరువుకూ కొండకూ తగిన ట్రైలర్ ఒకటి. సోమవారం పొద్దున్నే షెడ్డు ముందు హారన్ మోగింది. మూత బయటికి వచ్చి చూస్తే బావమరిది స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. లాభం కింద మూత అతన్ని కూడా రాసుకున్నాడు.