కోటబొమ్మాళి కాలేజీలో కొత్త ప్రింటరు

కోటబొమ్మాళిలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీకి కొత్త ప్రింటరు వచ్చినప్పుడు అందరికన్నా ఎక్కువ భయపడింది దేవమణే. భర్త పోయాక అక్కడ గుమస్తాగా చేరి, స్టడీ సర్టిఫికెట్లన్నీ ఏళ్ల తరబడి తన చేత్తోనే రాసింది. గుండ్రంగా, ఒద్దికగా ఉండే రాత ఆవిడది. చర్చిలో పెళ్లి ప్రకటనలు కూడా ఆవిడ చేతే రాయించేవారు. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో కొట్టి ప్రింటు తియ్యాలన్నారు. ప్రింటరేమో ప్రిన్సిపాల్ గది బయట, గుమ్మం పక్కన ఉంది. ఆయన కంప్యూటరుకు దాని నుంచి నేరుగా వైరు వేశారు. దేవమణి, సూపరింటెండెంటు జగన్నాధం మాత్రం తమ బల్లల దగ్గర్నుంచి నెట్‌వర్కు మీద పంపాలి.

శ్రీకాకుళం షాపు నుంచి షాలిని అనే అమ్మాయి వచ్చి బిగించిన రోజు బాగానే పనిచేసింది. మర్నాడు దేవమణి ఎన్నిసార్లు నొక్కినా కాగితం రాలేదు. షాలిని మళ్లీ వచ్చి, కంప్యూటర్లోంచి ప్రింటరును తీసేసి కొత్తగా ఎక్కించింది. ఆమె తిరిగి వెళ్లిన మర్నాడే కథ మళ్లీ మొదటికొచ్చింది. ప్రిన్సిపాల్ కంప్యూటరు ఒక్కరోజూ ఆగలేదు కాబట్టి తప్పు దేవమణిదే అయిపోయింది. ఆవిడ చెయ్యి పడితే మిషన్లు అలుగుతాయని జగన్నాధం హాస్యమాడాడు. తన కాగితాలు కూడా ఆవిడకే ఇచ్చి కొట్టించే మనిషి కనుక, అతని కంప్యూటరు నుంచి ప్రింటు వస్తుందో రాదో ఎవరూ చూడలేదు. ఆ మాటకు మొదట దేవమణి కూడా నవ్వింది. తర్వాత తర్వాత కీబోర్డు మీద చెయ్యి వెయ్యబోతే వేళ్లు వెనక్కి తగ్గేవి.

షాలిని మూడోసారి వచ్చిన రోజు, పాతపట్నం దగ్గరి పల్లె నుంచి అసిరమ్మ కూలి మానుకుని కూతురితో వచ్చి వరండాలో కూర్చుంది. పిల్ల స్కాలర్‌షిప్పుకు ప్రింటు తీసిన సర్టిఫికెట్టు సాయంత్రంలోగా శ్రీకాకుళంలో ఇవ్వాలట. ప్రిన్సిపాల్ గదికి తాళం వేసి ఊరెళ్లాడు. సంతకానికి ఇన్‌చార్జి లెక్చరర్ శైలజ ఉంది గానీ, సంతకం పెట్టడానికి కాగితమే లేదు.

షాలిని ముఖం కూడా వాడిపోయి ఉంది. ఈసారీ కుదరకపోతే వేరే షాపును పిలుస్తామని కాలేజీవాళ్లు ఆమె యజమానికి చెప్పేశారు. మళ్లీ తీసి ఎక్కించింది. పరీక్ష పేజీ వచ్చింది. దేవమణి ధైర్యం తెచ్చుకుని పిల్ల పేరు కొడుతుండగానే కరెంటు పోయింది. ఆ ఏడాది మధ్యాహ్నం కోత తప్పేది కాదు. చేసేదేం లేక దేవమణి క్యారేజీ విప్పి, ఎండు నెత్తళ్ల చేపల కూర షాలినికీ వడ్డించింది. తిన్నంతసేపూ ఇద్దరూ వరండా వైపు చూస్తూనే ఉన్నారు.

కరెంటు రాగానే దేవమణి మళ్లీ అంతా కొట్టి, ప్రింటు నొక్కింది. కాగితం రాలేదు.

"నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా. నానేటి సేసేను?" అంది దేవమణి.

"మీరేటీ సెయ్యలేదు పిన్నీ. ఉండండి."

షాలిని లేచి జగన్నాధం కంప్యూటరు నుంచి పంపి చూసింది. అక్కడి నుంచీ రాలేదు. జగన్నాధం కళ్లజోడు సవరించుకుని తన తెరలోకి వంగి చూశాడు. షాలిని ప్రింటరు దగ్గరకెళ్లి, దాని వివరాలు అదే అచ్చువేసుకునే పేజీ తీసింది. అందులోని నెట్‌వర్కు నంబరునూ కంప్యూటర్లోని నంబరునూ పక్కపక్కన చూసి, కుర్చీలో కూలబడి నవ్వేసింది.

"కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దీని అడ్రసు మారిపోతన్నాది పిన్నీ. మీ కంప్యూటరేమో పాత ఇంటికే ఉత్తరాలు పంపుతన్నాది. నేను వచ్చి కొత్త అడ్రసు రాసి పోతన్నాను, మర్నాడు ఇది మళ్లీ ఇల్లు మారిపోతన్నాది. మొదటి రోజే సూసుకోవలసింది."

ప్రింటరుకు ఇక మారని అడ్రసు ఒకటి ఇచ్చింది. జగన్నాధం కంప్యూటర్లో తనే సరిచేసి, దేవమణి కంప్యూటరు దగ్గర మాత్రం కుర్చీ ఆవిడకే జరిపింది. దేవమణి ఆ కొత్త అడ్రసు నంబరులో అంకెలు ఒక్కొక్కటే కొట్టింది. మధ్యలో ఒక చుక్క మరిచిపోతే కంప్యూటరు ఒప్పుకోలేదు. సరిదిద్ది మళ్లీ కొట్టింది. ఈసారి పరీక్ష పేజీ వచ్చింది. అప్పుడు షాలిని సర్టిఫికెట్టును సేవ్ చేయించి, వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేసింది. కాసేపాగి వేసింది. దేవమణి సర్టిఫికెట్టు తెరిచి ప్రింటు నొక్కింది.

గుమ్మం పక్కన ప్రింటరు గరగరమంది. అసిరమ్మ కూతురి పేరు వెచ్చవెచ్చగా బయటికొచ్చింది.

శైలజ సంతకం పెట్టింది. అసిరమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నల్లపూసల్లాగ ఉన్నాయి అచ్చరాలు. నువ్వే రాసేవా అమ్మా?" అని అడిగింది.

"నానే తీసేను," అంది దేవమణి. తల్లీ కూతుళ్లు బస్సు కోసం పరుగెత్తారు.

జూన్‌లో లైబ్రరీకి ఇంకో కంప్యూటరు వచ్చింది. ప్రిన్సిపాల్ షాపుకు ఫోన్ చెయ్యబోతుంటే, ముందు తను చూస్తానంది దేవమణి. ప్రింటరు ఎక్కించింది గానీ, పేజీ నిండా అర్థంకాని గుర్తులే పడ్డాయి. షాలినికి ఫోన్ చేసి చెప్పింది.

"అడ్రసు సరిగ్గానే దొరికింది పిన్నీ. మీరు ఎంచిన మోడల్ పేరు వేరేదై ఉంటాది. ప్రింటరు ఒంటి మీద పేరు సూడండి."

దేవమణి ఫోన్ చెవికి ఆనించుకుని ప్రింటరు దగ్గరకెళ్లి వంగి చూసింది. చివర ఒక్క అక్షరం తేడా.

"పెట్టెయ్యకు, లైన్లోనే ఉండు," అని చెప్పి మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది.