గంజి పెట్టిన స్టాంపులు

జగిత్యాలలో పాత స్టాంపుల విలువ చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే అడ్డమైనవాళ్లందరినీ భరించాల్సి వస్తుంది.

మొన్న సిరిసిల్ల నుంచి కళావతి వచ్చింది. వాళ్లింట్లో మరమగ్గాలున్నాయి. ముప్పై ఏళ్ల కిందట భర్త మస్కట్ నుంచి రాసిన ఉత్తరాల స్టాంపులు తెచ్చింది. ఒక్కొక్కటీ నీళ్లలో నానబెట్టి, ఊడదీసి, నూలుకు పెట్టే గంజితో నోటుపుస్తకంలో అంటించింది. పైగా ఇస్త్రీ కూడా చేసింది!

"కవర్లేవమ్మా?" అన్నాను.

"పొయ్యిల పెట్టిన సారూ. ఖాళీయే గదా."

నాకు ఒళ్లు మండింది. స్టాంపు కవరు మీదే ఉండి, ఆ ఊరి ముద్రా ఈ ఊరి ముద్రా పడి ఉంటేనే విలువని, ఊడదీస్తే అది చిత్తుకాగితమని, బుర్ర లేనివాళ్లు ఇలాంటివాటి జోలికి రాకూడదని కడిగేశాను. కవరంటే ఏమిటో చూడమని బీరువా తెరిచాను. కోరుట్ల ఇళ్లలో తిరిగి సేకరించిన గల్ఫ్ కవర్లే నాలుగు వందలున్నాయి.

ఆమె ఒకటి తీసి లోపలికి తొంగి చూసింది. తర్వాత ఇంకొకటి.

"గిండ్ల ఉత్తరాల్లేవేంది సారూ?"

"కవరు ఉబ్బుతుందని తీసి పారేస్తాను. వాటికేం విలువ?"

కళావతి నన్ను ఎగాదిగా చూసి, నోటుపుస్తకం చంకన పెట్టుకుంది.

"మా ఆయన ఉత్తరాలు పెట్టెల భద్రంగున్నయి. గింత పెద్ద బీరువ పెట్టుకున్నరు గని, ఏది దాసుకోవాల్నో మీకు తెల్వకపాయె."