కాలవగట్టు ఓట్లు

సర్వేకొచ్చిన మనిషి తలుపు మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేస్తుంటే ఆ ఇంటి ముసలాయన మునియన్ బ్రష్ పట్టుకున్నాడు. పట్టుకున్నాడంతే, తిట్టలేదు, కొట్టలేదు. సర్వే మనిషి ఆయన్ని ఒక్క తోపు తోశాడు. మునియన్ వెల్లకిలా కాలవలో పడ్డాడు. పుదుచ్చేరి మురుగంతా పారే కాలవ అది. బతుకంతా అందులో దిగి పూడిక తీసిన మనిషిని అందులోకే తోశారు.

బీచ్ రోడ్డు ఊడ్చి అప్పుడే ఇల్లు చేరిన కోడలు మణియమ్మ చీపురు పక్కన పడేసి కాలవలో దిగింది. మామను గట్టు మీదికి లాగి, తడి చీరతోనే ఆదికేశవన్ ముందు నిలబడింది. మునిసిపల్ ఆఫీసు తరఫున వచ్చిన వార్డు సమన్వయకర్త ఆయన.

"మమ్మల్ని యాడికి పొమ్మంటారు సార్?"

"కాలాపేట అవతల ఫ్లాట్లు కట్టారు. అయినా ఇంకా ఏదీ ఖాయం కాలేదమ్మా. మీ వీధే తేల్చాలి. ఫోన్లో ఓటేసి."

కాలవగట్టు వీధిలో అందరూ ఊరు ఊడ్చేవాళ్ళే. తెల్లారకముందే ఊళ్ళో హాజరు వేయించుకోవాలి. ఆ వేళకి కాలాపేట అవతల నుంచి బస్సుండదు. ఇల్లు కదిలిందా, పని పోయినట్టే. ఆ పని తప్ప వాళ్ళకి ఇంకో ఆధారం లేదు.

ఆదివారం వీధి మధ్యలో మీటింగు పెట్టారు. ఆదికేశవన్ అరవంలో చక్కగా చెప్పాడు.

"ఇక కౌన్సిలర్ కోసం ఎదురుచూడొద్దు, ఎమ్మెల్యే కాళ్ళు పట్టుకోవద్దు. మీ వీధి సంగతి మీ చేతిలోనే ఉంటుంది. తీరిక లేదా? నమ్మకమున్న మనిషికి మీ ఓటు అప్పగించండి. నచ్చకపోతే ఆ క్షణమే వెనక్కి తీసుకోండి. ఎమ్మెల్యేకి వేసిన ఓటు అట్లా వెనక్కి వస్తుందా?"

మాట మంచిదే. ఆ మాటలో తప్పు లేదని నేనే ఒప్పుకుంటాను. కౌన్సిలర్ ఎన్నిక ఎప్పుడు జరిగిందో మర్చిపోయిన జనానికి అది తియ్యగానే ఉంటుంది. కాకపోతే, ఆ మాట మోసుకొచ్చినవాడు ఎవడి జీతం తింటున్నాడో మనవాళ్ళు అడగలేదు.

మునియన్ ఒక్కడే అడిగాడు. "ఓటు పుచ్చుకున్న మనిషి వెయ్యకుంటే ఏంది సంగతి?"

"వృథాగా పోదు పెద్దాయనా. పై మనిషికి పోతుంది."

"ఆ పై మనిషెవరు?"

ఆ జవాబు రాకముందే మణియమ్మ లేచింది. "అదుండనీ మామా. సార్, ఈ ఫోను ఓటు ఏ భాషలో ఉంటాది?"

"తమిళం, ఇంగ్లీషు."

"మేమేం నిన్న వచ్చినోళ్ళమా? తాతల కాడినుంచి ఈ ఊరి చెత్త ఎత్తతా ఉండాం. మా ఇంట్లో మాట తెలుగు. తెలుగులో పెడతారా, లేదంటే ఒక్క ఓటు కూడా పడదు."

జనం హోరుమన్నారు. ఆదికేశవన్ కాసేపు ఆలోచించినట్టు నటించి, నవ్వి, సరేనన్నాడు. వీధికంతటికీ తెలుగే ఉంటుంది, మళ్ళీ మార్చడం కుదరదన్నాడు. అడిగింది అడిగినట్టు దక్కడం వీధికి అదే మొదటిసారి. ఆ సాయంత్రం టపాకాయలు కాల్చారు. మునియన్ అడిగిన ప్రశ్న ఆ మోతలో కలిసిపోయింది.

ఓటు వేసే యాప్ ఫోన్లలోకి వచ్చింది. గుండ్రటి తెలుగు అక్షరాలు ముత్యాల్లా మెరుస్తున్నాయి. వీధిలో పుట్టి పెరిగినవాళ్ళు ఒక్కరూ చదవలేకపోయారు. పిల్లలంతా అరవం బళ్ళో చదివినవాళ్ళు. మణియమ్మ కూడా అరవమైతే కూడబలుక్కుని చదువుతుంది, తెలుగైతే ఒక్క ముక్కా రాదు. పుట్టింది మొదలు మాట్లాడుతున్న భాష ముందు ఆమె నోరు పడిపోయింది.

వీధిలో తెలుగు చదవగలిగింది సత్య ఒక్కతే. సూళ్ళూరుపేట నుంచి కోడలిగా వచ్చిన పిల్ల. ఇల్లిల్లూ తిరిగి, ప్రతి ఫోనూ తీసుకుని, అందరూ చెప్పిన మీదట ఓట్లన్నీ తన పేరుకే మార్చింది.

"అత్తా, ఇంతమందిని నా నెత్తిన పెడితే ఎట్లా?"

"వద్దు అని ఒక్కటి నొక్కు, చాలు. నువ్వు మా పిల్లవే కదా," అంది మణియమ్మ.

ఓటింగు రోజు పొద్దున్నే, సత్య ఫోను చేతిలోకి తీసుకోకముందే, పోలీసు జీపు వచ్చింది. సర్వేకి అడ్డుపడిందని కేసు. అడ్డుపడింది మునియన్, పడదోసింది సర్వేవాళ్ళు, పట్టుకుపోయింది సత్యని. ఫోను కూడా లాక్కున్నారు.

వీధి వీధంతా స్టేషను ముందు కూర్చుంది. "మన ఓట్లు మనం వెనక్కి తీసుకుందాం," అన్నారెవరో. అందరూ ఫోన్లు తెరిచారు. ఎక్కడ నొక్కాలి? ఆ అక్షరాల్లో 'వెనక్కి' అన్న మాట ఏది? ఇష్టమొచ్చిన చోటల్లా నొక్కి చూశారు. ఏమీ కాలేదు.

గుమ్మంలో ఒక కానిస్టేబులు ఫోన్లో ఎవరితోనో తెలుగు మాట్లాడుతున్నాడు. యానాం మనిషి. మణియమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"అయ్యా, యాడ నొక్కాలో ఒక్కమాట చెప్పండయ్యా. మీకు పుణ్యముంటాది."

ఆయన ఫోను తీసుకున్నాడు. కళ్ళు ఒక వరస మీద నడిచి, చివర ఆగాయి. ఆయన చదవడం ఆమె చూసింది. లోపల్నుంచి ఇన్‌స్పెక్టర్ దగ్గాడు. కానిస్టేబులు ఫోను తిరిగిచ్చేశాడు.

"నాకు చదవడం రాదండి," అన్నాడు అచ్చ తెలుగులో.

సాయంత్రం ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. కాలవగట్టు వీధి ఏకగ్రీవంగా ఇళ్ళు ఖాళీ చెయ్యడానికి ఒప్పుకుందని ఆదికేశవన్ మైకులో చదివాడు. గడువు లోపల సత్య ఓటు వెయ్యలేదు కాబట్టి ఓట్లన్నీ పై మనిషికి పోయాయి. ఆ పై మనిషి ఆదికేశవనే.

పొక్లెయిన్ వచ్చిన పొద్దున వీధంతా దానికి అడ్డంగా నిలబడి చేతులెత్తింది. ముసలీ ముతకా, చంకలో బిడ్డలున్నవాళ్ళూ ఎత్తారు. "లెక్కపెట్టండి సార్, ఇది మా ఓటు," అన్నాడు మునియన్.

"ఓటింగు అయిపోయింది," అన్నాడు ఆదికేశవన్.

ఎత్తిన చేతులు పట్టుకునే పోలీసులు వాళ్ళని వ్యానులోకి లాగారు. మొదట కూలింది మణియమ్మ గోడే. ఆ చప్పుడు ఆమె వ్యానులో కూర్చుని వింది. ఇక సత్యతో పని లేదు గనక ఆమెని వదిలేశారు. ఆ పిల్ల ఇంటికొచ్చేసరికి ఇల్లు లేదు.

పట్టుకున్నవాళ్ళని ఒక కల్యాణ మండపంలో పెట్టారు. అక్కడ సోలై నగర్ నుంచి చేపలమ్మే ఆడవాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నారు. తమ గుడిసెలు తీసేస్తారని తెలిసి రోడ్డు మీద కూర్చున్నారట. వాళ్ళకీ యాప్ వచ్చింది. రేపే ఓటింగు.

"మీ ఓటు ఎవురికిచ్చినారు?" మణియమ్మ అరవంలో అడిగింది.

"మా సంఘం పెద్దకి. ఆయన్ని పొద్దున పట్టుకుపోయినారు," అంది తిలగం అనే ఆమె.

మణియమ్మ ఆమె పక్కకి జరిగి కూర్చుంది. తన వీధి నేలమట్టమైంది, ఇక ఏం చేసినా తిరిగి లేవదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

"నీ ఫోను చూపించు."

అరవంలో ఉంది. మణియమ్మ వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంది. చుట్టూ ఆడవాళ్ళు తమ ఫోన్లు తెరిచి పట్టుకున్నారు. మండపం తలుపు తెరుచుకుంది. యానాం కానిస్టేబులు గోనెసంచి పట్టుకుని, ఫోన్లన్నీ ఇచ్చెయ్యాలంటూ వచ్చాడు. వేలు కదులుతున్న చోటు చూసి ఆగిపోయాడు.

మణియమ్మ తలెత్తలేదు. "మీకు చదవడం రాదు కదయ్యా. పక్కకి జరగండి, వెలుతురు అడ్డమొస్తా ఉంది."

ఆయన జరగలేదు. సంచి నోరు తెరిచి ముందుకి చాపాడు.

"ఇదే," అంది మణియమ్మ. తిలగం వేలు పట్టుకుని నొక్కించింది. ఒక్క ఓటు వెనక్కి వచ్చింది.

తక్కిన ఆడవాళ్ళు ఫోన్లు రొమ్ములకి అదుముకుని ఆమె చుట్టూ దగ్గరగా జరిగి, చేతులు కలిపి కూర్చున్నారు. కానిస్టేబులు ఈల ఊదాడు. బయట బూట్ల చప్పుడు వినిపించింది. మణియమ్మ రెండో ఫోను అందుకుని మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.